పెనుకొండ పెనుగొండ అయిన వైనం

పరుషాలు సరళాలుగా మారడానికి మన వ్యాకరణంలో సూత్రాలున్నాయి. కకారం గకారమవుతుంది, తకారం దకారమవుతుంది. ఎక్కడ, దేని తరువాత, నిత్యమా, వైకల్పికమా అన్నది చిన్నయసూరి విడమరచి చెప్పిపెట్టాడు. 2007 వేసవిలో హిందూపురంలోని మా ఇంటి కంప్యూటరు ఏ సూత్రమూ చదువుకోకుండానే ఆ పనికి పూనుకున్నది. నేను టైపు చేసి దాచుకున్న దస్త్రంలో ‘పెనుకొండ’ ఉండవలసిన ఒకచోట ‘పెనుగొండ’ ఉన్నది. నేను వ్రాసింది అది కాదు.

కాదని ఎట్లా తెలుసునంటారా? నెల ముందు అదే పుటను కాగితం మీద అచ్చు తీసుకొని ఉన్నాను. కాగితం మీద పెనుకొండ, తెర మీద పెనుగొండ. నడుమ ఆ వాక్యం జోలికి నేను పోలేదు.

తప్పు తప్పుగా కనబడితే దిద్దుకోవచ్చును. ఇది ఆ జాతి తప్పు కాదు. పశ్చిమ గోదావరి జిల్లాలో పెనుగొండ అనే ఊరు నిజంగానే ఉన్నది, వాసవీ కన్యకాపరమేశ్వరి వెలసిన క్షేత్రం. అంతేకాదు, మన పెనుకొండను సైతం పెనుగొండ అనడం సాహిత్యంలో ఉన్నదే. పుట్టపర్తి నారాయణాచార్యులవారు బాల్యంలో వ్రాసిన కావ్యం పేరే ‘పెనుగొండ లక్ష్మి’. తాను చిన్ననాడు వ్రాసిన ఆ కావ్యమే తరువాత తాను కూర్చున్న విద్వాన్ పరీక్షకు పాఠ్యగ్రంథం కావడం మా వంటి విద్వాన్ చదువులవాళ్ళం ఇప్పటికీ చెప్పుకొని మురిసిపోయే ముచ్చట. కాబట్టి ఏ నిఘంటువూ ఈ మాటను తప్పు పట్టదు. చదువరి ఒక్క క్షణం కూడా ఆగడు. దక్షిణాన ఉన్న దుర్గం గోదావరి ఒడ్డుకు చేరినా అడిగే దిక్కు ఉండదు.

ఆ గకారం ఎక్కడినుంచి వచ్చిందో తెలుసుకొనడానికి నాకు మూడు నెలలు పట్టింది. దాని వెనుక ఉన్న చరిత్ర తెలియడానికి చాలా ఏండ్లు పట్టింది. ఈ టపా ఆ రెండింటి గురించి.

అప్పటికి నేనింకా ఉద్యోగంలో ఉన్నాను. ఇల్లు హిందూపురం, బడి పెనుకొండ. సెలవు దొరికితే అదే రైలుమార్గంలో ఇంకొంచెం ముందుకు పోయి ధర్మవరంలో దిగేవాణ్ణి. (మూడూ అప్పుడు అనంతపురం జిల్లాలోనివి, 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలోనివి.) ధర్మవరంలో నాకు పని మగ్గాల దగ్గర. నేతపనివారి నోట ఉన్న మాటలను ప్రోగుచేయడం నా వ్యసనం. పడుగు, పేక, నాడె, అచ్చు వంటివి అందరికీ తెలిసినవే. వాటి వెనుక, పోగు తెగితే అతికే తీరుకొక పేరు, రంగు సరిగా ఎక్కని పట్టుకొక పేరు, అంచు వంకరపోతే దానికొక పేరు, ఇట్లా నిఘంటువులకెక్కని మాటలు వందలుగా ఉంటాయి. నా పట్టికలో 1,100కు పైగా చేరాయి. చాలావరకు మొదట నోటు పుస్తకాలలో వ్రాసుకొని తరువాత లేఖినిలో టైపు చేసి నోట్‌ప్యాడులో దాచేవాణ్ణి.

ఆ సంవత్సరం ఫిబ్రవరిలో ధర్మవరం పెద్దాయన ఒకరు, అరవై ఏండ్లు మగ్గం గుంటలో కూర్చున్నవారు, కంటి వైద్యానికని హిందూపురం వచ్చి బంధువుల ఇంట వారం రోజులున్నారు. సాయంకాలం మా ఇంటికి వచ్చి నా ప్రక్కన కుర్చీ వేసుకొని మాటలు చెప్పేవారు. కంప్యూటరు కొత్తది గదా, ఆ ఉత్సాహంలో నోటు పుస్తకం తీయకుండా నేరుగా టైపు చేశాను. 43 మాటలు. ఉగాది దాటిన కొన్నాళ్ళకే ఆయన కాలం చేశారని తెలిసింది.

కంప్యూటరు జనవరిలో బెంగుళూరులో విడిభాగాలు కొని ఒక దుకాణంలో కూర్పించినది. ఏప్రిల్ వరకు బుద్ధిగానే ఉన్నది. ఎండలు ముదిరిన తరువాత మధ్యాహ్నం పూట ఉన్నట్టుండి తెర నీలమయ్యేది. తిరిగి తెరిస్తే గంటసేపు పనిచేసేది. ఒకనాడు బ్రౌజరు మూతపడేది, మరొకనాడు పాట ఆగేది. ఇంకొకనాడు జిప్ దస్త్రం విప్పబోతే ‘దస్త్రం చెడినది’ అనేది. అదే దస్త్రాన్ని ఉదయం విప్పితే చక్కగా విచ్చుకొనేది! కరెంటు హెచ్చుతగ్గులన్నారు, యూపీఎస్ కొన్నాను. వైరస్ అన్నారు, రెండు రకాల మందులు వేశాను. విండోస్ ఎక్స్‌పీ మూడుసార్లు తిరిగి వేయించాను. దుకాణంవాడు ఫోనులో ‘మీరు తెలుగు ఫాంట్లు ఎక్కువ వేసుకున్నట్టున్నారు సార్’ అన్నాడు. ఆ నేరం కూడా మన భాష మీదికే వచ్చింది.

చివరకు దోషం ర్యామ్‌లో, అంటే మెమరీలో ఉన్నదని తేలింది. మెమరీ చెడిపోయిందని కాదు. మెమరీ బాగానే ఉన్నది, దాన్ని తరిమిన వేగం దానికి తగినది కాదు. ఈ తేడా అర్థం కావాలంటే మెమరీ ఎట్లా పుట్టిందో కొంచెం చెప్పుకోవాలి.

కంప్యూటరు మెమరీకి మొదటినుంచీ మతిమరుపే. 1948లో ఇంగ్లండులోని మాంచెస్టరులో, కార్యక్రమాన్ని కూడా మెమరీలోనే ఉంచుకొని నడచిన తొలి యంత్రం టీవీ గొట్టం వంటి విలియమ్స్ గొట్టంలో విద్యుదావేశపు చుక్కలుగా అంకెలను దాచింది. ఆ చుక్కలు క్షణంలో చెదరిపోయేవి. చెదరేలోపల యంత్రమే వాటిని చదివి తిరిగి దిద్దుకుంటూ ఉండాలి. తరువాత 1950లలో అయస్కాంతపు గుండ్ల మెమరీ వచ్చింది. ఆవగింజంత ఫెరైటు వలయాలు, వాటిలో నుంచి అడ్డంగా నిలువుగా దూర్చిన సన్నని తీగలు. మన బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూటులో ఆర్. నరసింహన్ నాయకత్వాన తయారై 1960లో పనిలోకి వచ్చిన టిఫ్రాక్ యంత్రానికి ఉన్నది ఈ జాతి మెమరీయే, 2,048 మాటలు పట్టేది. నా ధర్మవరం పట్టికకు సరిగ్గా సరిపోయేదని నవ్వుకుంటాను, అక్కడ ‘మాట’ అంటే వేరే అర్థమైనా.

ఈ గుండ్ల మెమరీని నిజంగానే నేసేవారు. కర్మాగారాలలో స్త్రీలు సూదులు పట్టుకొని, భూతద్దాల క్రింద, ఒక్కొక్క వలయంలో తీగను దూర్చేవారు. చంద్రుని మీదికి మనుషులను తీసుకొనిపోయిన అపోలో నౌకలోని కంప్యూటరుకు కార్యక్రమం కూడా అట్లా నేసినదే. తీగ వలయంలోనుంచి పోతే ఒకటి, ప్రక్కనుంచి పోతే సున్న. అమెరికాలోని వాల్థమ్ పట్టణంలో రేథియాన్ కర్మాగారపు స్త్రీలు ఆ నేత నేశారు. జకార్డు అట్టలోని చిల్లును బట్టి పడుగు పోగు లేవడమో లేవకపోవడమో జరగడం చూసిన ధర్మవరం మనిషికి ఇందులో వింత ఏమీ తోచదు. లియాన్ నగరంలో జకార్డు ఆ సాధనాన్ని 1804లో రూపొందించాడు.

1966లో ఐబీఎంలో రాబర్ట్ డెన్నార్డ్ అనే ఇంజనీరుకు తట్టిన ఆలోచనతో ఈ నేత కాలం ముగిసింది. ఒక ట్రాన్సిస్టరు, ఒక చిన్న కెపాసిటరు, అంతే. కెపాసిటరులో ఆవేశం ఉంటే ఒకటి, లేకుంటే సున్న. 1968లో పేటెంటు వచ్చింది, 1970లో ఇంటెల్ 1103 అనే చిప్పు అమ్మకానికి వచ్చింది, 1,024 బిట్లు. నేటికీ మన కంప్యూటర్లలోను, ఫోన్లలోను ఉన్నది ఆ వంశమే. డెన్నార్డ్ 2024లో మరణించాడు.

ఈ వంశానికి రెండు అవలక్షణాలు. ఒకటి, కెపాసిటరు కారుతుంది, చిల్లికుండ. మన ఇండ్లలోకి వచ్చిన డీడీఆర్ రకాలలో ప్రతి వరుసనూ మామూలుగా 64 మిల్లీసెకన్లకొకసారి తిరిగి నింపుతుండాలి. వేడి పెరిగితే చిల్లు పెద్దదవుతుంది. రెండు, చదివితే చెరిగిపోతుంది. పద్యం ఒప్పజెప్పిన మరుక్షణం మరచిపోయే పిల్లవాణ్ణి ప్రతి ఉపాధ్యాయుడూ చూసి ఉంటాడు. అట్లాగే ఒక వరుసను చదవగానే ఆ వరుసంతా ఖాళీ అవుతుంది, చదివినదాన్ని తిరిగి అందులో వ్రాయాలి. వీటన్నిటికీ కొంత వ్యవధి కావాలి. ఆ వ్యవధుల పేరే టైమింగులు. మెమరీ పట్టీల మీద 5-5-5-15 అని నాలుగు అంకెలు కనబడేవి అవే. రెండవ అంకె, వరుస తెరిచిన తరువాత అందులోని గడిని అడగడానికి ఆగవలసిన లెక్క. మొదటి అంకె, గడిని అడిగిన తరువాత జవాబు రావడానికి పట్టే లెక్క. మూడవది ఒక వరుస మూసి మరొకటి తెరవడానికి. నాలుగవది, తెరిచిన వరుసను కనీసం ఎంతసేపు తెరిచి ఉంచాలి అన్నది.

ఇది నాకు అర్థమైంది పుస్తకంతో కాదు, ఆ జూలైలో ధర్మవరంలో ఒక గుంట మగ్గం ప్రక్కన కూర్చున్నప్పుడు. కాలితో తొక్కగానే పడుగు పోగులు కొన్ని పైకి, కొన్ని క్రిందికి విడివడతాయి. నడుమ దారి ఏర్పడుతుంది. ఆ దారిలో నాడె పోవాలి. తరువాత అచ్చుతో గుద్దాలి. నేను అమాయకంగా ‘ఇంకా వడిగా విసిరితే రోజుకు ఇంకో మూర దిగదా?’ అని అడిగాను. నేసే ఆయన చేతులు ఆపకుండానే ‘దావ తెరుచుకోకముందే నాడె ఇసిరితే అది పోయేది పోతాది అయ్యవారూ, పోగు కింద పోవాల్సింది పైన పోతాది. మగ్గం నిలబడదు, ఆడతానే ఉంటాది. చీర మడత ఇప్పినప్పుడు కదా తెలిసేది’ అన్నాడు. రైలులో తిరిగి వస్తూ ఆ మాటే తలచుకున్నాను. మగ్గం నిలబడదు. మా కంప్యూటరూ అంతే. అక్షరం తప్పు చదివిన క్షణాన అది ఏమీ అనలేదు, ఆడుతూనే ఉన్నది.

ఇంతకూ ఆ వ్యవధి ఎంతో చెప్పలేదు. డీడీఆర్2 మెమరీలో 667 రకానికి ఒక్కొక్క లెక్క 3 నానోసెకన్లు. ఐదు లెక్కలంటే 15. అదే అంకెలతో 800 వేగానికి పెడితే ఒక్కొక్క లెక్క 2.5 అవుతుంది, ఐదింటికి 12.5. నానోసెకనులో కాంతి సుమారు 30 సెంటీమీటర్లు పోతుంది. 5.5 మీటర్ల పట్టుచీరను పరిస్తే ఈ కొసనుంచి ఆ కొసకు వెలుతురు చేరడానికి 18 నానోసెకన్లు కావాలి. అంతకంటె తక్కువ వ్యవధి అడిగే మెమరీ దగ్గర ఆరవ వంతు కోసేస్తే, ఉదయపు చల్లదనంలో ఎట్లాగో నెట్టుకొస్తుంది, మధ్యాహ్నం ఎండకు తడబడుతుంది.

మా కంప్యూటరులో జరిగింది సరిగ్గా ఇదే. అందులో రెండు ర్యామ్ స్టిక్కులున్నాయి. ఒకటి 800ది, రెండవది 667ది. తనంతట తానుగా వదిలేస్తే మదర్‌బోర్డు రెండింటిలో నెమ్మదిదాని నడకకే దిగుతుంది. బిల్లు మీద మాత్రం రెండూ 800 అని ఉన్నాయి. బిల్లుకూ తెరకూ పొంతన కుదరాలని కాబోలు, ఎవరో బయోస్‌లోకి పోయి చేతితో 800 పెట్టారు.

మదర్‌బోర్డుకు ఆ సంగతి ఎట్లా తెలుస్తుందన్నది చక్కని చరిత్ర. 1990ల మొదటి భాగంలో మెమరీ చిప్పుల వీపు మీద 70, 60 అని నానోసెకన్ల అంకె ముద్రించి ఉండేది. కూర్చేవాడు చదువుకొని బోర్డును అందుకు తగ్గట్టు అమర్చుకోవాలి. 1998లో ఇంటెల్ పీసీ100 నిర్దేశాలు ప్రకటించిన కాలానికి ప్రతి మెమరీ పట్టీ మీదా ఒక చిన్న అదనపు చిప్పు స్థిరపడింది. ఎస్‌పీడీ అంటారు. ఆ పట్టీ పుట్టుక, ఓపిక, ఏ వేగానికి ఎన్ని లెక్కలు ఆగాలి అన్నవన్నీ అందులో ఉంటాయి. నేను దాన్ని మెమరీ జాతకం అంటాను. కంప్యూటరు తెరిచిన ప్రతిసారీ బోర్డు ముందు ఆ జాతకం చదువుతుంది. 2007లో ఇంటెల్ ఎక్స్‌ఎంపీ అని రెండవ జాతకానికి దారి తీసింది. మొదటిది జెడెక్ అనే సంస్థ అందరికీ ఒప్పుదల చేసిన ప్రమాణం. రెండవది ‘మా సరుకు ఇంతకంటె వడిగా పోగలదు’ అని తయారీదారు చేసుకొనే చాటింపు. చాటింపు అబద్ధమని నేను అనను. ఆ పట్టీ పోగలదేమో, దానిని పట్టుకొన్న ప్రాసెసరూ బోర్డూ కూడా పోగలగాలి గదా!

ఇక తప్పు తప్పని తెలిసే ఏర్పాటు యంత్రంలోనే ఎందుకు లేదు? ఉండేది. ఇది నాకు ఎంతో ఇష్టమైన భాగం. 1981 నాటి ఐబీఎం పీసీలో ప్రతి 8 బిట్లకు తోడు తొమ్మిదవ బిట్టు ఒకటి ఉండేది. పారిటీ అంటారు. ఎనిమిదింటిలో ఒకట్లు సరిసంఖ్యా బేసిసంఖ్యా అన్నదానిని అది గుర్తుపెట్టుకొనేది. చదివేటప్పుడు లెక్క తప్పితే యంత్రం పని ఆపి గోల చేసేది. అపోలో కంప్యూటరులోనూ 15 బిట్ల మాటకు పదహారవది పారిటీయే. 1950లో బెల్ ప్రయోగశాలలో రిచర్డ్ హామింగ్ ఇంకా ముందుకు పోయాడు. వారాంతాలలో తాను వదిలివెళ్ళిన లెక్కలను యంత్రం తప్పు దొరికిందని మధ్యలో విడిచిపెట్టేస్తున్నదని విసిగి, తప్పు ఏ స్థానంలో ఉన్నదో కూడా కనిపెట్టి దిద్దుకొనే సంకేతాన్ని కట్టాడు. నేటికీ సర్వర్లలో 64 బిట్లకు 8 అదనపు బిట్లు ఉంచి చేసే దిద్దుబాటు ఆ కుదురులోనిదే.

ఛందస్సు తెలిసినవారికి ఇదేమీ కొత్త కాదు. వృత్తపద్యంలో ప్రాసస్థానపు అక్షరం నాలుగు పాదాలలోనూ ఒక్కటే కావాలి. లేఖకుడు అక్కడ కకారానికి గకారం వ్రాస్తే చదివేవాడు ఠక్కున ఆగుతాడు. ఎకారం ఏకారమైతే లఘువు గురువై గణం తప్పుతుంది. యతిస్థానం మరొక కాపలా. తాళపత్ర ప్రతులను పరిష్కరించినవారు ఈ కాపలాల బలంతోనే వందలేండ్ల లేఖక దోషాలను పట్టుకోగలిగారు. వేదానికి పద, క్రమ, జట, ఘన పాఠాలున్నదీ ఇందుకే. వచనానికి మాత్రం ఈ రక్ష లేదు. పద్యం కానిచోట, నడుమ పడ్డ గకారాన్ని ఎవరు పట్టాలి?

ఇంటి కంప్యూటర్లు కూడా 1990ల నడుమ పద్యం నుంచి వచనానికి దిగాయి. తొమ్మిదవ బిట్టు ఖర్చు, ఎనిమిదితో సరిపెట్టారు. పారిటీ లేని మెమరీ చౌక, కాబట్టి అదే అందరికీ. దిద్దుబాటు మెమరీ సర్వర్లవారి సొత్తయింది. ఇంటి యంత్రాలకు అది అందకుండా చేసినందుకు లినస్ టోర్వాల్డ్స్ 2021లో ఇంటెల్‌ను తీవ్రంగా దూషించాడు. భాష కొంచెం కటువైనా ఆయన పక్షమే నా పక్షం.

కాపలా పోయిన తరువాత రోగం తెలుసుకొనే విద్యను వాడుకరులే కట్టుకోవలసి వచ్చింది. 1990లలో లినక్స్ వాడేవారు కెర్నల్‌ను కంపైలు చేస్తుంటే ‘సిగ్నల్ 11’ అని పని తెగిపోయేది. అందరూ కంపైలరును తిట్టారు. రోజియర్ వుల్ఫ్ అనే ఆయన ప్రశ్నోత్తరాల రూపంలో వ్రాసిన పత్రం ఒకటి అప్పుడు ప్రసిద్ధి. అందులోని సారం ఇది: ప్రోగ్రాములోని తప్పయితే ప్రతిసారీ ఒకే చోట తెగుతుంది. ఒక్కొక్కసారి ఒక్కొక్క చోట తెగితే యంత్రాన్ని అనుమానించు. మా ఇంట్లో ఒకనాడు బ్రౌజరు, ఒకనాడు పాట, ఒకనాడు జిప్ అన్నప్పుడే నేనది గ్రహించవలసింది. 1994లో క్రిస్ బ్రాడీ మెమ్‌టెస్ట్86 వ్రాశాడు. విండోస్ లేకుండా కంప్యూటరును తానే తెరిచి, మెమరీలో ప్రతి గడిలోనూ వ్రాసి, తిరిగి చదివి, రెండూ పోల్చే ప్రోగ్రాము. దాని నుంచే 2004లో మెమ్‌టెస్ట్86+ వచ్చింది.

2005లో మైక్రోసాఫ్టు ఇంజనీరు రేమండ్ చెన్ తన బ్లాగులో వ్రాసిన ముచ్చట మనవాళ్ళు కొందరు చదివే ఉంటారు. విండోస్ కూలిపోయినట్టు వచ్చే నివేదికలలో కొన్ని అసంభవంగా ఉండేవట. తప్పడానికి అవకాశమే లేని ఆదేశం దగ్గర తప్పినట్టు. వాడుకరులను విచారిస్తే చాలామంది యంత్రాలు నిర్ణీత వేగాన్ని మించి నడుస్తున్నాయి. కొందరికి తమ యంత్రం అట్లా నడుస్తున్నదనే తెలియదు, అమ్మినవారే వేగం పెంచి అమ్మారు. అది చదివినప్పుడు నా కథను నాకంటె రెండేండ్లు ముందు ఎవరో వ్రాసినట్టనిపించింది.

మాకు మెమ్‌టెస్ట్ సీడీ తెచ్చిపెట్టింది పిల్లలకు కంప్యూటరు పాఠాలు చెప్పే ఒక యువకుడు. రాత్రి పెట్టి పడుకున్నాము, తెల్లవారేసరికి ఒక్క తప్పూ లేదు. నిరాశపడ్డాను. ఆ అబ్బాయి ‘సార్, మధ్యాహ్నం ఫ్యాను ఆపి పెట్టి చూద్దాం’ అన్నాడు. రెండు గంటలకు మొదటి ఎర్ర గీత పడింది. మూడింటికి తెర నిండింది. తరువాత ఒక స్టిక్కు తీసి రెండవదానితో, దాన్ని తీసి మొదటిదానితో, చోటు మార్చి, ఇట్లా నాలుగు మధ్యాహ్నాలు. 667 స్టిక్కు ఉంటేనే తప్పులు, ఏ చోట ఉన్నా తప్పులే. స్టిక్కు చెడిందని నేను పారవేయబోతే, అతడు బయోస్‌లోకి పోయి వేగాన్ని ‘ఆటో’లో పెట్టాడు. జాతకం చదివి బోర్డు 667కు దిగింది. అదే స్టిక్కు, అదే ఎండ, ఆగిన ఫ్యాను. ఒక్క గీత పడలేదు. సాయంకాలం వరకు చూశాము.

అసలు సంగతి ఎర్ర గీతలలో ఉన్నది. ప్రతి గీతలోనూ ఏ బిట్టు తప్పిందో చూపే అంకె ఒకటి ఉంటుంది. ఎక్కువ గీతలలో అది 2. అంటే చివరనుంచి రెండవ బిట్టు. యూనికోడులో కకారం సంఖ్య 3093, గకారం 3095. ద్విసంఖ్యామానంలో వ్రాస్తే ఈ రెండింటికీ తేడా చివరనుంచి రెండవ స్థానంలో ఒక్క బిట్టు. నోట్‌ప్యాడు దస్త్రం తెరచినప్పుడు ప్రతి అక్షరాన్నీ మెమరీలో ఈ సంఖ్యగానే ఉంచుకుంటుంది. పెనుకొండ పెనుగొండ ఎట్లా అయిందో ఆ రాత్రి నాకు కాగితం మీద తెలిసింది. ఆ ఒక్క బిట్టు తప్పితే త ద అవుతుంది, న ప అవుతుంది, ర ల అవుతుంది, డ ణ అవుతుంది, ఇవన్నీ అటునుంచి ఇటు కూడా. విచిత్రం, చ జ కాదు, ప బ కాదు. కంప్యూటరు వ్యాకరణంలో సరళాదేశం కకార తకారాలకే! ఎనిమిదవ బిట్టు తప్పి ఉంటే తెలుగు కకారం కన్నడ కకారమై ఉండేది, రెండు లిపుల సంఖ్యలకూ తేడా సరిగ్గా 128. కన్నడ సీమ సరిహద్దులోని హిందూపురంలో దానికీ ఎవరూ ఆశ్చర్యపడేవారు కారేమో.

తరువాత పట్టికను నోటు పుస్తకాలతో పోల్చడం మొదలుపెట్టాను. దసరా సెలవులన్నీ దానికే సరిపోయాయి. ‘పడుగు’ ఒకచోట ‘పడుకు’ అయింది. ‘పేక’ ‘నేక’ అయింది. ‘జరీ’ ‘జలీ’ అయింది. మొత్తం 27 చోట్ల దిద్దాను. దస్త్రం తెరచి చివర ఒక్క మాట చేర్చి దాచినా, మొత్తం దస్త్రం మెమరీ గుండా పోయి డిస్కు మీదికి తిరిగి వెళుతుంది. నాలుగు నెలలు దాదాపు ప్రతిదినమూ ఆ పని చేశాను. పెన్ డ్రైవులో వారం వారం నకలు తీసుకున్నాను గదా అంటే, పాత నకలు మీదనే క్రొత్త నకలు వేసుకుంటూ పోయాను. తప్పులను కూడా శ్రద్ధగా నకలు చేసుకున్నానన్నమాట.

ఇటువంటివి అరుదని అనుకొనేవాణ్ణి. 2009లో గూగుల్ తన సర్వర్లను పరిశీలించి ప్రకటించిన పత్రం ప్రకారం ఒక సంవత్సరంలో 8 శాతానికి పైగా మెమరీ పట్టీలలో తప్పులు కనబడ్డాయి. అవి దిద్దుబాటు ఉన్న యంత్రాలు కనుక కనబడ్డాయి. 2011లో మైక్రోసాఫ్టు పరిశోధకులు పది లక్షల మామూలు కంప్యూటర్లను పరిశీలించి, ఒకసారి మెమరీ తప్పుతో కూలిన యంత్రం మళ్ళీ కూలే అవకాశం ఎన్నో రెట్లు పెరుగుతుందని, నిర్ణీత వేగం కంటె తక్కువలో నడిచేవి ఎక్కువ నమ్మకంగా ఉన్నాయని వ్రాశారు. మొత్తం మీద వేగం పెరిగినంతగా ఆ పాత వ్యవధి తగ్గలేదు కూడా. నా 2007 నాటి 667 మెమరీకి 15 నానోసెకన్లు. 2020లో ప్రమాణమైన డీడీఆర్5లో 4800 రకానికి 40 లెక్కలు ఆగితే 16.7. చిల్లికుండ చిల్లికుండే, కుండలు పెరిగాయి, వరుసలో అందించే చేతులు పెరిగాయి. ఆటలాడే పిల్లలు కొనే 6000 రకం, 30 లెక్కలది అయితే 10 నానోసెకన్లు. ఆ కోసిన భాగమంతా రెండవ జాతకం భరోసా మీదనే. డీడీఆర్5 చిప్పు లోపల దిద్దుబాటు పెట్టారు, మంచిదే. అది చిప్పు లోపలి తప్పులకే. చిప్పునుంచి ప్రాసెసరు దాకా తీగ మీద పోయేటప్పుడు జారిన అక్షరానికి దానితో పని లేదు.

పదవీ విరమణ తరువాత కొన్న కంప్యూటరులో నేను రెండవ జాతకం తెరవనేలేదు. మా తమ్ముని మనుమడు చూసి ‘తాతా, డబ్బులు పోసి కొన్న స్పీడును వృథా చేస్తున్నావు’ అంటాడు. వాడిది కూడా వారానికొకసారి నీలమవుతుంది.

ఇక ఆ 43 మాటలు. నోటు పుస్తకంలో లేనివి, పెద్దాయన నా ప్రక్కన కూర్చొని చెప్పినవి. వాటిలో 32 మాటలను ఇతర మగ్గాల దగ్గర అడిగి నిర్ధారించుకున్నాను. మిగిలిన 11 మాటలు ఎవరికీ తెలియవు, లేదా ఒకరు ఒక విధంగా, మరొకరు మరొక విధంగా చెబుతున్నారు. ఒకదానిలో ర ఉన్నది, అది ల కావచ్చును. ఒకదానిలో ద ఉన్నది, అది త కావచ్చును. ఆయన అన్నది ఏదో చెవిలో వినబడుతున్నట్టే ఉంటుంది, తీరా పలకబోతే రెండు విధాలా పలుకుతుంది. పట్టికలో వాటి ప్రక్కన ప్రశ్నార్థకం పెట్టి ఉంచాను. ధర్మవరం మగ్గాల ఇండ్లలో పుట్టి పెరిగిన మిత్రులెవరైనా ఇది చదువుతుంటే వ్యాఖ్యలో ఒక్క మాట వ్రాయండి. ఆ పదకొండింటినీ పంపుతాను, ఇంట్లో పెద్దవారిని అడిగి చెప్పండి. వారి చేత నోటితో పలికించి, కాగితం మీద వ్రాసి పంపితే మరీ మేలు.